పుల్లరి చట్టం పుట్టిన గదిని వెతుక్కుంటూ

మా పల్నాడులో పుల్లరి అనే మాట వింటే పెద్దవాళ్ల మొహం ఇప్పటికీ మారుతుంది. అడవిలో గొడ్డు మేసినందుకు తలకింత అని కట్టించుకున్న పన్ను అది. కట్టం పొమ్మన్నందుకే 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతును పోలీసులు కాల్చి చంపారు. అమ్మమ్మ ఆ కథ చెప్పినప్పుడల్లా నేను ఒకటే అడిగేదాన్ని: అడవి పక్కన ఉండేది మనం, గొడ్డు మనది, గడ్డి వానకు మొలిచింది, మరి పన్ను కట్టమన్నదెవరు? "మద్రాసోళ్లు" అనేది అమ్మమ్మ. ఆ మద్రాసోళ్లు ఎవరో, ఎక్కడ కూర్చుని అలా రాశారో చూడాలని ఇన్నేళ్లకు బయల్దేరాను.

గుంటూరులో రాత్రి రైలెక్కి పొద్దున్నే చెన్నైలో దిగాను. లాడ్జిలో సామాను పడేసి, ఇడ్లీ తిని, ఆటోలో నేరుగా కోటకు వెళ్లాను. సెయింట్ జార్జ్ కోట అంటే ఇప్పటికీ ప్రభుత్వం నడిచే చోటే. సచివాలయం, శాసనసభ అన్నీ అక్కడే. గేటు దగ్గర బ్యాగు తనిఖీ చేసి పంపారు.

సభ జరిగే భవనం ముందు నల్లరాతి స్తంభాలు నిలబడి ఉన్నాయి. 1746లో ఫ్రెంచివాళ్లు మద్రాసును పట్టుకున్నప్పుడు వీటిని పాండిచ్చేరికి తరలించుకుపోయారట. 1761లో పాండిచ్చేరి ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చాక మళ్లీ ఇక్కడికి తెచ్చుకున్నారు. లోపలికి పాస్ లేనిదే వెళ్లనివ్వరు. బయటే చాలాసేపు నిలబడ్డాను. 1921 నుంచి 1937 దాకా మద్రాసు శాసనమండలి కూర్చున్నది ఈ కోటలోనే. అప్పటి ప్రథమ మంత్రి, అంటే ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి వారు, పానగల్ రాజా ఇక్కడే మాట్లాడారు. ముత్తులక్ష్మి రెడ్డి 1927లో ఇక్కడే ఆ సభకు ఉపాధ్యక్షురాలయ్యారు. ఆడవాళ్లకు ఓటు ఇవ్వాలన్న తీర్మానం 1921 ఏప్రిల్‌లో ఇక్కడే నెగ్గింది. ఆ మాట తలుచుకుంటే, ఎవరి మీదో కోపంతో వచ్చిన నాకు కాసేపు గుండె నిండినట్లయింది. కానీ నేను వెతుక్కుంటూ వచ్చింది అంతకంటే పాత సంగతి. మ్యూజియం గబగబా చూసేసి ఎగ్మూరు వైపు బయల్దేరాను.

తమిళనాడు ఆర్కైవ్స్ ఎగ్మూరు స్టేషన్‌కు దగ్గరే, ఎర్ర ఇటుకల పెద్ద భవనం. ముందే దరఖాస్తు పెట్టుకున్నాను కాబట్టి ఇబ్బంది లేకపోయింది. రీడింగ్ రూములో ఫ్యాను చప్పుడు తప్ప మాటల్లేవు. స్లిప్పు రాసిచ్చిన చాలాసేపటికి ఒక పెద్దాయన అడవుల చట్టం చేసిన నాటి సభ కార్యకలాపాల సంపుటాలు రెండు తెచ్చి బల్ల మీద పెట్టారు. నేను ఫోన్లో తెలుగులో మాట్లాడటం విన్నట్టున్నారు, తెలుగులోనే చెప్పారు: "మెల్లగా తిప్పండి మేడమ్, కాయితం విరుగుతుంది." నిజంగానే విరుగుతుంది. అంచులు అప్పడంలా ఉన్నాయి. తిప్పిన ప్రతిసారీ బల్ల మీద గోధుమరంగు పొడి రాలేది. అది చూసి భయమేసి, పేజీ కింద అట్టముక్క పెట్టుకుని తిప్పడం మొదలుపెట్టాను.

మొదట నన్ను ఆపేసింది పైన ఉన్న శీర్షిక. అప్పట్లో ఆ సభ పూర్తి పేరు శాసనమండలి కాదు. చట్టాలు, నిబంధనలు చేయడం కోసం కూడిన ఫోర్ట్ సెయింట్ జార్జ్ గవర్నర్ గారి కౌన్సిల్. పేరులోనే ఉంది, అది గవర్నర్ గారిది. 1861 చట్టం ప్రకారం తన కార్యనిర్వాహక సభ్యులకు తోడు ప్రభుత్వ వకీలైన అడ్వకేట్ జనరల్‌నూ, ఇంకో నలుగురి నుంచి ఎనిమిది మందినీ గవర్నరే పిలిచి కూర్చోబెట్టుకుంటాడు. ఆ అదనపు సభ్యుల్లో సగం మంది ఉద్యోగులు కానివాళ్లు ఉండాలి, అంతే. ఎన్నిక లేదు. ముందున్న బిల్లు గురించి తప్ప ఇంకేదీ మాట్లాడకూడదు, ప్రశ్న వేయకూడదు.

ఇక పని చూస్తే ఏ ఆఫీసులోనైనా జరిగే పనిలాగే ఉంటుంది. హాజరైనవారి పేర్లు, బిల్లు ప్రవేశపెట్టడం, దాన్ని పరిశీలించే కొద్దిమంది సభ్యుల సెలెక్ట్ కమిటీకి పంపడం, కమిటీ నివేదిక, ఒక్కో క్లాజు, అక్కడో మాట మార్పు ఇక్కడో మాట మార్పు, ఆమోదం. తర్వాత గవర్నర్ సంతకం, గవర్నర్ జనరల్ సంతకం. కోట్ల మంది బతుకు మీద పడే చట్టానికి పది పదిహేను మంది ఒక బల్ల చుట్టూ కూర్చుంటే సరిపోయింది.

1882 నాటి మద్రాసు అడవుల చట్టం, ఆ ఏటి అయిదో చట్టం, అలా వచ్చిందే. గవర్నర్ గ్రాంట్ డఫ్. దీని వెనక కథ నన్ను చాలా బాధపెట్టింది. 1878లో దేశానికంతా అని అడవుల చట్టం చేసినప్పుడు మద్రాసు దాన్ని ఒప్పుకోలేదు. మద్రాసు రెవెన్యూ బోర్డు అంతకు ముందు నుంచీ ఒకటే చెబుతూ వచ్చింది: ఈ ప్రెసిడెన్సీలో ఏదో ఒక ఊరి పొలిమేరలోకి రాని అడవి దాదాపు లేదు, ఊరివాళ్ల వాడకం అన్నిచోట్లా ఉంది అని. తెల్లదొరలే రాశారీ మాట! అమ్మమ్మ చెప్పిందీ అదేగా. తర్వాత అడవుల శాఖ పెద్ద బ్రాండిస్ మద్రాసు వచ్చి, ఒప్పించి, ముసాయిదా తయారుచేయించాడు. బోర్డు రాసిన మాట ఫైల్లో ఉండిపోయింది, బిల్లు చట్టమైంది.

చట్టం నడిచే తీరు రెండుసార్లు చదివాను. ఫలానా చోటును ప్రభుత్వ అడవిగా రిజర్వు చేయాలనుకుంటున్నామని ముందు ప్రకటిస్తారు. ఎవరికే హక్కుందో తేల్చడానికి ఒక సెటిల్‌మెంట్ అధికారిని వేస్తారు. చుట్టుపక్కల ఊళ్లలో చాటిస్తారు. దారి, నీళ్లు, మేత మీద హక్కున్నవాళ్లు గడువులోగా వచ్చి చెప్పుకోవాలి. చెప్పుకోకపోతే, ఒకటీ అరా మినహాయింపు తప్ప, ఆ హక్కు పోయినట్లే. మేక వెనక తిరిగే మనిషి తాలూకా కచేరీకి వెళ్లి, తాతల నాటి మేతను హక్కు అని కాగితం మీద రాయించుకోవాలి. ఎంతమంది వెళ్లి ఉంటారు? ఎంతమందికి ఆ చాటింపు అర్థమై ఉంటుంది? రిజర్వు అయ్యాక గొడ్డుకు పర్మిట్, పర్మిట్‌కు రుసుము. ఆ పుటల్లో 'పాశ్చర్', అంటే మేత, అనే చిన్న ఇంగ్లీషు మాట మీద వేలు పెట్టి కాసేపు అలాగే కూర్చున్నాను. మా ఊళ్లో అది పుల్లరిగా దిగింది.

మధ్యాహ్నం టీ తాగుతూ అమ్మకు ఫోన్ చేశాను. "ఇదేంటని అప్పుడొక్కడూ అడగలేదా?" అంది.

"ఆ సభలో ప్రశ్న వేసే వీలే 1892లో వచ్చిందమ్మా. అప్పటికి చట్టం వచ్చి పదేళ్లు."

"మరి హనుమంతు టైముకి మనోళ్లు మంత్రులున్నారంటివే?"

ఉన్నారు. 1921 జులైలో పానగల్ రాజా ప్రథమ మంత్రి అయ్యే నాటికి పల్నాడులో అడవి సత్యాగ్రహం మొదలవుతోంది. సభ కూడా మునుపటిది కాదు. వందకు పైగా సభ్యులు, అందులో 98 మంది ఎన్నికైనవాళ్లు. 4 కోట్ల జనంలో ఓటున్నది సుమారు 12 లక్షల మందికే అనుకోండి. ఇంగ్లీషు సరిగా రానివాళ్లు తమ భాషలో మాట్లాడటానికీ వీలుండేది. కానీ ద్వంద్వ ప్రభుత్వంలో చదువు, ఆరోగ్యం లాంటివి మంత్రులకిచ్చి, పోలీసు, భూమిశిస్తు గవర్నర్ తన దగ్గరే పెట్టుకున్నాడు. అడవుల్ని బొంబాయి, బర్మాల్లో మంత్రులకిచ్చారు. మద్రాసులో ఇవ్వలేదు. మన మంత్రులకు అడవి మీద అధికారమే లేదని చెబితే అమ్మ కాసేపు ఏమీ అనలేదు. "సరే, ఎండలో తిరగకు" అని పెట్టేసింది.

మన దగ్గర ఆ పాత చట్టం స్థానంలో 1967లో కొత్తది వచ్చింది. తమిళనాడులో 1882 చట్టమే పేరు మార్చుకుని ఇంకా అమల్లో ఉంది. ఆ సంగతి చెబితే సంపుటాలు తెచ్చిన పెద్దాయన "అవునా మేడమ్!" అని ఆ పుట దగ్గరికి వచ్చి చూశారు.

సాయంత్రం గది మూసే వేళయింది. పల్నాడు గొడవలప్పుడు ఆ 98 మందిలో ఎవరైనా లేచి అడిగారా, అడిగితే ఏం జవాబు వచ్చింది అన్నది నాకు చూడాలని ఉంది. రేపటికి 1921, 1922 సంపుటాలు కావాలని స్లిప్పు రాసి పెద్దాయన చేతికిచ్చాను. బయటికి వచ్చి ఆ రాత్రి రైలు టికెట్ క్యాన్సిల్ చేసుకున్నాను.