కొబ్బరి పొట్టు మీద ఒక మాట పడితే

"మీ దేశం నుంచి ఉప్పు కొనుక్కొచ్చి, ఇక్కడ మంచినీళ్ళు పోసి కడుక్కుంటున్నాం." లెమింగ్టన్‌లో ఒక గ్రీన్‌హౌస్‌ హెడ్ గ్రోవర్ (పంట పెంపకం చూసే పెద్ద), కొబ్బరి పొట్టు (డొక్క నుంచి పీచు తీశాక మిగిలే పొడి, కోకోపీట్) నానబెట్టిన నీళ్ళలో ఉప్పు కొలిచే మీటరు ముంచి చూసి అన్న మాట ఇది. అప్పుడు పక్కన ఉన్న ఇండియావాణ్ణి నేనొక్కణ్ణే. పనిలో ఉండగా వాదనకి దిగే వీలుండదు. ఆయన మీటరు చెప్పిన అంకె నిజమే. ఆ అంకెకి ఆయన చెప్పుకున్న కారణమే నాకు మింగుడు పడలేదు.

ఒంటారియోలో, ఈరీ సరస్సు పక్కన ఉన్న ఈ ఊరిని కెనడా టమాటా రాజధాని అంటారు. 1909 నుంచి 2014 దాకా హైంజ్ ఫ్యాక్టరీ ఇక్కడ నడిచింది. ఇప్పుడు ఎటు చూసినా గాజు ఇళ్ళే: టమాటా, కీర దోస, బెల్ పెప్పర్. 2018 అక్టోబరు 17న గంజాయి చట్టబద్ధం అయ్యాక ఆ పంట కూడా వచ్చి చేరింది. వీటిలో ఏది పెంచినా మట్టి కనపడదు. మీటరు పొడవు ప్లాస్టిక్ సంచి, దాని నిండా మన కొబ్బరి పొట్టు, సంచికి మూడు మొక్కలు. కోనసీమలో కాలవ గట్టున డొక్కలు గుట్టలుగా పడి ఉండటం చూసి పెరిగినవాడికి, అదే సరుకుని ఇక్కడ చేతి తొడుగులు వేసుకుని ముట్టుకోవడం చూస్తే ఛాతీ కొంచెం పొంగుతుంది. అందుకే ఆ మాట అంత గుచ్చుకుంది.

ఉప్పు సంగతి చెప్తాను. పొట్టుని సముద్రపు నీళ్ళలో ముంచి తీస్తారని ఆయనలాగే ఇక్కడ చాలామంది అనుకుంటారు. కేరళలో పచ్చి డొక్కల్ని ఉప్పుటేరుల్లో నెలల తరబడి నానేసి పీచు తీసే పద్ధతి ఉన్న మాట వాస్తవం. అలాంటి పొట్టులో సోడియం ఎక్కువే ఉంటుంది. కానీ ఎండు డొక్కని మిషన్లో కొట్టి తీసిన పొట్టులోనూ ఉప్పు ఉంటుంది, ఎందుకంటే అది చెట్టు దాచుకున్నది. కొబ్బరి చెట్టుకి పొటాషియం, క్లోరిన్ బాగా కావాలి. మొక్క నాటేటప్పుడు గుంటలో గుప్పెడు ఉప్పు వేసే మన పెద్దవాళ్ళకి ఆ సంగతి తెలుసు. చెట్టు పీల్చుకున్న దానిలో చాలా భాగం డొక్కలో చేరుతుంది. అది కల్తీ కాదు, మురికీ కాదు.

ఇక్కడికి వచ్చి వీకెండ్ షిఫ్టుల్లో చేరే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, బాల్కనీలో గోంగూరో టమాటానో వేద్దామని కోకోపీట్ ఇటుక కొనే అక్కలు ముందుగా పట్టించుకోవలసింది ఇదే: పొట్టులో ఉప్పు రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి నీళ్ళలో విడిగా తిరిగేది, అది కడిగితే పోతుంది. రెండోది పొట్టు రేణువులకి అంటుకుని ఉన్న పొటాషియం, సోడియం. వీటిని ఉత్త నీళ్ళు కదిలించలేవు. పొట్టుకి కాల్షియం అంటే ఇష్టం ఎక్కువ, కాల్షియం దొరికితే దాన్ని పట్టుకుని వీటిని వదిలేస్తుంది. కడిగేశాక మీటరు 0.4 చూపిస్తే పని అయిపోయిందనుకుంటారు. అవలేదు. మర్నాటి నుంచి మనం పోసే ఎరువులో కాల్షియం అంతా పొట్టే మింగేస్తుంది, బదులుగా సోడియం, పొటాషియం వేళ్ళకి వదులుతుంది. మొక్కకి లేత ఆకు కొసలు మాడతాయి, టమాటా కాయ అడుగున నల్లటి మచ్చ పడి కుళ్ళుతుంది. అప్పుడు ఆకుల మీద కాల్షియం కొట్టినా కాయకి చేరదు.

చెయ్యవలసింది కష్టమైన పనేం కాదు. 5 కిలోల కోకోపీట్ దిమ్మకి 25 నుంచి 30 లీటర్ల నీళ్ళు పోస్తే విచ్చుకుని 60, 70 లీటర్ల పొట్టు అవుతుంది. అడుగున చిల్లులున్న డబ్బాలో వేసి, కిందికి కారే నీళ్ళ ఈసీ (నీళ్ళలో కరిగిన ఉప్పు ఎంతో మీటరు చూపే అంకె) 0.5కి దిగేదాకా కడగాలి. తర్వాత 30 లీటర్ల నీళ్ళలో 100 గ్రాముల కాల్షియం నైట్రేట్ ఎరువు కరిగించి, పొట్టంతా తడిసేలా పోసి, చిల్లులు మూసి రాత్రంతా వదిలెయ్యాలి. పొద్దున్న వార్చేసి, మళ్ళీ ఒకసారి మంచినీళ్ళతో తేలిగ్గా కడిగితే పొట్టు సిద్ధం. ప్యాకెట్ మీద 'వాష్డ్' అని ఉంటే సగం పనే అయినట్టు. 'బఫర్డ్' అని ఉంటే ఇదంతా వాళ్ళే చేశారని అర్థం.

ఆ తర్వాత మట్టి అలవాట్లు పక్కన పెట్టాలి. మన దొడ్లో మొక్కకి చెంబుడు నీళ్ళు పోస్తే మిగతాది నేల చూసుకుంటుంది. పొట్టులో తిండి లేదు, కాబట్టి ఉత్త నీళ్ళు ఎప్పుడూ పోయకూడదు. ప్రతి తడిలోనూ ఎరువు ఉండాలి. నారుకి ఈసీ 1 చాలు. కాపు మీదున్న టమాటాకి 2.5 నుంచి 3.5, స్ట్రాబెర్రీకి 1.5 దాటకూడదు. నీళ్ళ పులుపు చెప్పే పీహెచ్ 5.8 దగ్గర పట్టుకోవాలి. కాల్షియం నైట్రేట్‌ని, సల్ఫేట్లూ ఫాస్ఫేట్లూ ఉన్న ఎరువుల్ని చిక్కటి ద్రావణంగా ఒకే తొట్టిలో కలిపితే అడుగున సున్నంలా పేరుకుని డ్రిప్పర్లు మూసుకుపోతాయి. 'ఏ', 'బీ' అని రెండు తొట్లు పెట్టేది అందుకే.

ఇక్కడివాళ్ళ దగ్గర నేను మనసారా మెచ్చుకునేది డ్రెయిన్ లెక్క. వరుసలో ఒక సంచి కింద ట్రే పెడతారు. ఎంత పోశాం, ఎంత కారింది, కారినదాని ఈసీ ఎంత అని రోజూ రాస్తారు. పోసినదాంట్లో 20 శాతం, మంచి ఎండ రోజున 30 శాతం దాకా బయటికి కారాలి. అది వృథా కాదు, సంచిలో ఉప్పు పేరుకోకుండా తోసుకుపోయే నీరు. పోసినదాని ఈసీ 3 ఉండి కారినదాని ఈసీ 4.5 దాటితే ఎరువు తగ్గించే ముందు తడులు పెంచి చూడాలి. సూర్యుడు వచ్చిన గంటా రెండు గంటలకి మొదటి తడి, తర్వాత ఎండని బట్టి డ్రిప్పర్‌కి 100 మిల్లీలీటర్ల చొప్పున చాలాసార్లు, సాయంత్రం పొద్దు కుంకే రెండు గంటల ముందే ఆపెయ్యడం. రాత్రి సంచి కొంచెం ఆరితేనే వేళ్ళకి గాలి ఆడుతుంది. చిన్న మొక్కని పెద్ద సంచిలో పెట్టి పైన ఎప్పుడూ తడిగా ఉంచితే నల్లటి సన్న దోమలు లేస్తాయి, వాటి పురుగులు లేత వేళ్ళు కొరుకుతాయి.

పొట్టు కాకుండా వాడే రాక్‌వూల్ అంటే రాయిని కరిగించి దూదిలా తీసింది. అందులో పంపు కాసేపు ఆగితే మొక్క వాడుతుంది, పొట్టులో ఇంకాస్త సేపు ఓర్చుకుంటుంది. పంట అయ్యాక రాక్‌వూల్‌ని ఏం చెయ్యాలో తలనొప్పి. పొట్టు ప్లాస్టిక్ విప్పి మట్టిలో కలిపితే మట్టికే మేలు. ఇది మనదని పొగడటం కాదు, రెండూ వాడినవాళ్ళు ఎవరైనా చెప్తారు.

హెడ్ గ్రోవర్ బాధ నీళ్ళ గురించి. పక్కనే సముద్రమంత మంచినీటి సరస్సు ఉన్న ఊళ్ళో ఆ బాధ. ఆయన అడిగే కడిగిన, బఫర్ చేసిన పొట్టు తమిళనాడులో పొల్లాచ్చి చుట్టుపక్కల తయారై ఓడెక్కుతోంది. అక్కడ కడగడానికి తోడేది భూగర్భ జలం. టన్నులకొద్దీ పొట్టు కడిగిన ఎర్రటి ఉప్పునీళ్ళు మళ్ళీ ఆ నేలలోకే ఇంకుతున్నాయి, తమ బావుల నీళ్ళు పాడవుతున్నాయని అక్కడి రైతులు గోల పెడుతున్నారు. ఇక్కడ కడిగితే ఖర్చు ఆయన పుస్తకంలో కనిపిస్తుంది, అక్కడ కడిగితే కనిపించదు. కోనసీమలో ఈ పని పెద్ద ఎత్తున మొదలెట్టాలనుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే, మిషన్ల కంటే ముందు కడిగిన నీళ్ళు ఎక్కడికి పోవాలో తేల్చుకుని, ఆ ఖర్చు కూడా దిమ్మ ధరలో వేసి అమ్మండి.