నేల లెక్క ఉంది, నీళ్ల లెక్క లేదు

మా మామ బొగ్గుబాయిల్లో సర్వేయర్‌గా చేసి రిటైరయ్యాడు. చలికాలం మా దగ్గర, బెంగళూరు మారతహళ్లిలో ఉంటాడు. సర్వేయరంటే కిందికి దిగి గ్యాలరీలు, అంటే బొగ్గులో తొలిచిన దారులు, కొలవడమొక్కటే అనుకునేవాణ్ని. పైన కూడా పనుంటుందట. బొగ్గు తీయకముందే పొలాల్లో వరసగా గుర్తులు పాతుతారు, కుంగుడు తగలనంత దూరంలో ఉన్న ఇంకో గుర్తుతో పోల్చి ఎత్తులు రాసుకుంటారు. తర్వాత నేల ఎంత దిగిందో మిల్లీమీటర్లలో చెప్పగలరు.

"మరి బావుల్లో నీళ్లెంత దిగినయో రాసేటోళ్లా మామా?" అని అడిగాను.

"అది మా పని కాదు అల్లుడా. ఆ బావి ఉన్నోడే రాసుకోవాలె. వాడు రాయడు."

ఈ పోస్టు ఆ మాట గురించే.

గోదావరి లోయలో బొగ్గు ఇసుకరాతి పొరల మధ్య ఉంటుంది. ఆ రాయి కొత్త కుండలా నీళ్లు పీల్చుకుని పట్టి ఉంచుతుంది. ఊరి బావుల్లో ఊరేదీ అక్కడి నీళ్లే. మొదట బొగ్గులో దారులు తొలిచి, మధ్యలో బొగ్గునే పిల్లర్లుగా వదిలేస్తారు. పిల్లర్లు నిలబడి ఉన్నన్నాళ్లూ నేల పెద్దగా కదలదు, నీళ్లు మాత్రం గనిలోకి కారుతూనే ఉంటాయి. వాటిని సంపుల్లోకి, అంటే గనిలోని నీటి గుంటల్లోకి, మళ్లించి పైకి తోడాలి. బొగ్గుకన్నా నీళ్లే ఎక్కువ టన్నులు తోడే గనులూ ఉంటాయి.

అసలు కథ డిపిల్లరింగ్‌తో మొదలవుతుంది. వెనక్కి వస్తూ ఆ పిల్లర్లను కూడా తీసేస్తారు, రూఫ్ కూలిపోతుంది. కూలిన రాళ్లతో నిండిన ఆ ఖాళీనే గోఫ్ అంటారు. దాని పైనున్న రాయి కూలదు కానీ నిలువునా పగుళ్లిస్తుంది. ఆ పగుళ్లు తీసిన బొగ్గు మందానికి కొన్ని పదుల రెట్ల ఎత్తు దాకా పోతాయి. మూడు మీటర్ల బొగ్గు తీస్తే వంద మీటర్ల పైకి కూడా పోవచ్చన్నమాట. అంత ఎత్తులో నీళ్లున్న పొర ఏదైనా ఉంటే అది నేరుగా గనిలోకి ఖాళీ అవుతుంది. ఇంకా పైనున్న పొరలు చీలవు, వంగుతాయి. నేల పళ్లెంలా దిగేది అక్కడే.

కుంగిన చోటికి సరిగ్గా నడుమనున్న ఇల్లు కొన్నిసార్లు పెద్దగా బీటలివ్వకుండా మొత్తంగా కిందికి దిగుతుంది. అంచున ఉన్న ఇల్లే చీలుతుంది, ఎందుకంటే సాగుడంతా అక్కడే. పైగా పైన కుంగే జాగా కింద బొగ్గు తీసిన జాగాకన్నా వెడల్పు. "మా ఇంటి కింద తవ్వలేదు కదా, గోడ ఎందుకు పగిలింది?" అని అడిగేవాళ్లకు మామ కాగితం మీద బొమ్మ గీసి చూపించేవాడట. బావుల సంగతీ అంతే. అంచున రాతి సందులు తెరుచుకుని నీళ్లు ఒక్కసారిగా దిగిపోతాయి. బావికీ కింది పగుళ్లకూ మధ్య మంచి బంకరాతి పొరలుంటే ఆ సందులు పూడుకుపోయి, ఒకట్రెండు వానాకాలాల తర్వాత నీళ్లు తిరిగి రావచ్చు. కింది పగుళ్ల దాకా దారి పడిందంటే మాత్రం గని నడిచినన్నాళ్లూ రావు.

ఖాళీలో ఇసుక నింపితే కుంగుడు బాగా తగ్గుతుంది. దశాబ్దాల పాటు గోదావరి ఇసుకను నీళ్లతో కలిపి కిందికి పంపారు. ఇప్పుడు నది ఇసుక దొరకడమే కష్టం.

పై పగుళ్లు ప్రాణాలకూ ముప్పే. వాన నీళ్లు వాటిగుండా గనిలోకి దిగకుండా తొలకరికి ముందే మట్టితో పూడ్చాలి. పాత గనిలో నిలిచిన నీళ్లు ఇంకా ప్రమాదం. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గరి చాస్నాలా గనిలో అలాంటి నీళ్లే విరుచుకుపడి 375 మంది పోయారు. 2003 జూన్‌లో గోదావరిఖనిలో 7 ఎల్‌ఈపీ అనే గనిలోకి నీళ్లు చొరబడి 17 మంది పోయారు. ఈ రెండోదాని గురించి మామ ఎక్కువ మాట్లాడడు.

గని తోడిన నీళ్లను కాలనీలకు, చుట్టుపక్కల చెరువులకు ఇవ్వడం బొగ్గు ప్రాంతాల్లో మామూలే. నాకు అనుమానం ఇక్కడే. బావి ఎండినా కుళాయి వస్తుంది కాబట్టి ఎవరూ లెక్క అడగరు. గని మూతపడి పంపులు ఆగాక నీళ్లు నెమ్మదిగా పైకొస్తాయి, ఏళ్లూ పూళ్లూ పడుతుంది. వచ్చినవి పాత నీళ్లలా ఉండకపోవచ్చు. బొగ్గులోని గంధకం గాలికీ నీటికీ కలిసి ఆమ్లమవుతుంది. మేఘాలయ బొగ్గులో గంధకం ఎక్కువ కాబట్టి అక్కడ వాగులే పాడయ్యాయి. గోదావరి లోయ బొగ్గులో తక్కువే, అయినా అక్కడ గని నీళ్లలో లవణాలు, కాఠిన్యత ఉంటాయి.

బెంగళూరులో కథ వేరు. కింద ఉన్నది గట్టి రాయి, నీళ్లు దాని చీలికల్లోనే. నేల కుంగదు, బోర్లు ఎండుతాయి. మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ నెల్లూరాయన. మన బోరు పన్నెండొందల అడుగులని గర్వంగా చెప్పాడు. మోటర్ బంద్ పెట్టినంక నీళ్లు ఎక్కడ నిలుస్తయి సార్ అని మామ అడిగితే సమాధానం లేదు. ఇక్కడ కూడా ఎవరూ రాయలేదు.

మా ఊరి వైపు వాళ్లు ఇది చదువుతుంటే, మీ దగ్గర కొత్త ప్యానెల్ (గనిలో ఒక విడతగా బొగ్గు తీసే భాగం) మొదలవుతుందని తెలిసిన రోజే మీ బావి కొలవండి. స్టీలు టేపు కొసకు సుద్ద రాసి దింపితే, ఎక్కడిదాకా తడిసిందో గుర్తు కనిపిస్తుంది. ముందు రాత్రంతా మోటరు ఆపి, పొద్దున్నే కొలవాలి. తేదీ, బావి గట్టు నుంచి నీళ్ల దాకా ఎన్ని మీటర్లో రాసి, సాక్షిగా పక్కింటివాళ్ల సంతకం పెట్టించండి. కేంద్ర భూగర్భ జల మండలి తన బావులను ఏడాదికి నాలుగుసార్లు కొలుస్తుంది. మీరు కనీసం మే నెలలో ఒకసారి, నవంబరులో ఒకసారి కొలవండి. ఒక సీసాలో నీళ్లు పట్టి ల్యాబ్‌లో పరీక్ష చేయించి, ఆ రిపోర్టు కూడా పట్టా కాగితాల్లో పెట్టండి.