ఎనర్వేట్ ఇంకా లొంగలేదు

ఎనర్వేట్ (enervate) అనే ఇంగ్లీషు మాట నాకు మళ్ళీ పోయింది. ఈసారి మాటలు నేర్చుకునే ఫ్లాష్ కార్డు మీద కాదు, బయట. ఇంగ్లీషు పత్రిక సంపాదకీయంలో "ఎనర్వేటెడ్ అపోజిషన్" అని తగిలితే, ఉత్సాహంతో ఉరకలేస్తున్న ప్రతిపక్షం అనుకుని ముందుకు వెళ్ళిపోయాను. రెండు వాక్యాల తర్వాత ఆ ప్రతిపక్షం సభలో నోరెత్తడమే లేదని ఉంది. అర్థం సరిగ్గా తలకిందులు: చేవ చచ్చిన, సత్తువ హరించుకుపోయిన ప్రతిపక్షం. ఎంత చిరాకేసిందో చెప్పలేను.

దీంతో పాటు మొదలుపెట్టిన బ్యాచ్‌లో మిగతా మాటలన్నీ కుదురుకున్నాయి. గ్యారులస్, పెర్ఫంక్టరీ, ఇంపెక్యూనియస్, ఆబ్డ్యురేట్, అన్నీ నెల దాటిన ఇంటర్వెల్స్‌లోకి, అంటే నెల దాటాకే మళ్ళీ అడిగే స్థితికి, వెళ్ళిపోయాయి.

ఇక ఈ మొండిదాని లెక్కలు. కార్డుల్ని సమయం చూసి మళ్ళీ మళ్ళీ అడిగే యాప్ ఆంకీలో, మామూలు సెట్టింగులో, ఒక కార్డు 8 సార్లు తప్పితే లీచ్ (జలగ) ట్యాగ్ పడుతుంది. దీనికి ఎప్పుడో పడింది. డిజైర్డ్ రిటెన్షన్, అంటే అడిగినప్పుడు ఎంత శాతం గుర్తుండాలన్న లక్ష్యం, 90 శాతం దగ్గరే ఉంచాను. తక్కిన కార్డుల స్టెబిలిటీ, అంటే గుర్తు ఎన్నాళ్ళు నిలుస్తుందన్న అంచనా, నెలల్లో ఉంటే దీనిది వారం దగ్గరే ఊగుతోంది. డిఫికల్టీ కొలత కుడి అంచుకు అంటుకుపోయింది. అయినా 2023లో ఆంకీ 23.10 వెర్షన్‌తో ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్ అనే కొత్త లెక్క (ఏ కార్డు ఎప్పుడు అడగాలో తేల్చేది) రావడం నిజంగా మేలు చేసింది. పాత ఎస్ఎం-2 పద్ధతిలోనైతే ఈజ్ (వ్యవధిని పెంచే గుణకం) అడుగంటిపోయి, బాగా వచ్చాక కూడా ఈ కార్డు అస్తమానం ముందుకొచ్చి నిలబడేది.

మొదటి అనుమానం చెవి మీద. ఎనర్జీ, ఎనర్వేట్ రెంటికీ మొదటి రెండు సిలబుల్స్ ఒకటే, స్ట్రెస్ కూడా మొదటిదాని మీదే. మూడోది వినబడేలోపే మనసు ఎనర్జీ వైపు వెళ్ళిపోతుంది. యాక్టివేట్, యానిమేట్, ఇన్విగరేట్ లాంటి హుషారు మాటలకూ అదే తోక. ఇవి చాలవన్నట్టు ఇనర్వేట్ అని ఇంకొకటి ఉంది: శరీరభాగానికి నరాలు అందించడం. కార్డులోంచి ఆడియో తీసేసి చూశాను. తేడా రాలేదు. అంటే తప్పు చెవి ఒక్కదానిదే కాదు.

రెండో అనుమానం ఉదాహరణ వాక్యం మీద, అసలు దొంగ అక్కడే దొరికాడని నా నమ్మకం. రెంటచింతల మే ఎండ మీద నేనే రాసుకున్న వాక్యం అది: "ద మే హీట్ ఆఫ్ రెంటచింతల ఎనర్వేటెడ్ హిమ్." చదవడానికి బాగుంటుంది. కానీ ఎనర్వేటెడ్ తీసేసి ఖాళీ పెడితే? విసిగించింది, భయపెట్టింది, కంగారుపెట్టింది, ఏది పెట్టినా ఇముడుతుంది. వాక్యం అర్థాన్ని బిగించడం లేదు. పైగా రెంటచింతల కనబడగానే జవాబు వచ్చేస్తోంది. రెంటచింతల లేని సంపాదకీయంలో రాలేదు.

అందుకని వాక్యం మార్చాను: "ద ఫీవర్ సో ఎనర్వేటెడ్ హర్ దట్ షి కుడ్ నాట్ లిఫ్ట్ ఎ టంబ్లర్." గ్లాసు ఎత్తలేకపోయింది కాబట్టి ఖాళీలో ఉత్సాహం పట్టదు, కోపం పట్టదు. చూసి అర్థం చెప్పే వైపు వెంటనే మెరుగైంది. కానీ తిరగేసి, డెఫినిషన్ ఇచ్చి మాట అడిగే కార్డులో ప్రతిసారీ డెబిలిటేట్ (నీరసపరచడం) వస్తోంది! ఆలోచిస్తే అది సబబే. జ్వరం వల్ల వచ్చే నీరసానికి డెబిలిటేట్ ఇంకా బాగా నప్పుతుంది. ఎనర్వేట్‌లో పోయేది ఒంటి బలం ఒక్కటే కాదు, పూనిక కూడా పోతుంది. సుఖం మరిగి చేవ పోవడానికి ఇంగ్లీషువాళ్ళు వాడే మాట ఇదే. ఇప్పుడు పరీక్షలో ఉన్న వాక్యం: "జెనరేషన్స్ ఆఫ్ లగ్జరీ హాడ్ ఎనర్వేటెడ్ ద నోబిలిటీ." భోగం కర్తగా కూర్చుంటే డెబిలిటేట్ అంత సులువుగా దూరదు.

డిక్షనరీల సంగతి. 1978లో మొదలైన లాంగ్‌మన్ సుమారు రెండు వేల మాటలతోనే డెఫినిషన్లు రాస్తుంది. చప్పున అర్థమవుతుంది, కానీ ఇలాంటి జంటల మధ్య సన్నని తేడా అరిగిపోతుంది. నా ఓటు 1987 నాటి కోబిల్డ్‌కే. డెఫినిషన్‌నే పూర్తి వాక్యంగా రాస్తుంది కాబట్టి ఏది ఎవరిని ఏం చేస్తుందో అక్కడే తెలుస్తుంది. సన్నని తేడాలకూ మూలాలకూ మెరియమ్-వెబ్‌స్టర్. కోచింగ్ సెంటర్ల వర్డ్ లిస్టులు, అంటే ఒక మాటకు ఎదురుగా ఇంకో మాట పెట్టేవి, నాకు అస్సలు పడవు. పై చదువుల ప్రవేశ పరీక్ష జీఆర్ఈ కూడా 2011లోనే యాంటనిమ్స్ (వ్యతిరేక పదాలు), అనాలజీస్ (మాటల జంటల పోలికలు) తీసేసి, వాక్యంలో ఖాళీలు నింపించే ప్రశ్నలకు మారింది.

మూలం చూస్తే ఇంకో కొక్కెం దొరికింది. లాటిన్‌లో నెర్వుస్ అంటే కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే తంతువు. ముందున్న ఎ- అంటే బయటికి. మొత్తంగా నరం పీకేయడం. మన నరానికీ దానికీ చుట్టరికం లేదు, మనది ద్రావిడ మాట, తమిళంలో నరంబు. అయినా శబ్దం కలిసింది, అర్థమూ కలిసింది! గోడల మీద "నరాల బలహీనత" ప్రకటనలు చూసి పెరిగినవాళ్ళకు ఇంతకంటే గట్టి ఆసరా ఏం కావాలి? మామూలుగా కార్డుల్లో తెలుగు పెట్టను. దీనికి మాత్రం వెనకవైపు "నరం పీకెయ్" అని రాసుకున్నాను.

ఇది నిలబడితే ఇలా రూపంతో మోసం చేసే మాటలన్నిటికీ ఇదే ఖాళీ పరీక్ష పెట్టాలి. రెస్టివ్‌కు విశ్రాంతితో పని లేదు. ముందుకు కదలని మొండి గుర్రం నుంచి వచ్చి, ఇప్పుడు అదుపులో ఉండక అసహనంగా మెసలడం. నాయిసమ్‌లో చప్పుడు లేదు, కంపు ఉంది. మెరెట్రీషస్‌లో మెరిట్ లేదు, పైపై తళుకే. మూడూ ఒకేసారి మొదలుపెట్టను. అర్థాల్లో దగ్గరగా ఉన్న మాటల్ని కలిపి నేర్చుకుంటే ఒకదానికొకటి అడ్డుపడతాయని 1990లలో టింకమ్, వేరింగ్ అనే పరిశోధకుల ప్రయోగాలు చూపించాయి; రూపం మోసం చేసేవాటికీ అది వర్తిస్తుందని నా అంచనా. ముందు రెస్టివ్. గుర్రం వాక్యం వద్దు, అది మళ్ళీ రెంటచింతల అవుతుంది. కరెంటు పోయిన థియేటర్లో ప్రేక్షకులు కుర్చీలు బాదుతున్న వాక్యం రాస్తున్నాను.