మెట్ల కింద ఛార్జింగ్ పెట్టకండి

మొన్న మిర్యాలగూడలో మా బాబాయి వాళ్లింట్ల ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పొగలు కక్కింది. తమ్ముడు మిట్టమధ్యాహ్నం ఎండన పడి వచ్చి, బ్యాటరీ వేడి చల్లారకముందే మెట్ల కింద ఛార్జింగ్ పెట్టిండు. ముందు స్పిరిట్ లాంటి తియ్యటి ఘాటు వాసన. ఆ వెంటనే బుస్సుమని చప్పుడు, తెల్లటి పొగ. పిన్ని తడి గోనెసంచి కప్పుతనని ఉరికింది. చెయ్యి పట్టుకుని ఆపిన. మీటరు బయటే ఉంది కాబట్టి మెయిన్ ఆఫ్ చేసి, అందరినీ వీధిలకు పంపి 101కు ఫోన్ చేసిన.

గోనెసంచితో ఆరే మంట కాదది. లోపల ఒక సెల్ వేడెక్కి పక్క సెల్‌ను అంటిస్తది. చల్లబరచడమే మందు. దానికి బోలెడు నీళ్లు ధారగా పడాలె, అది ఫైరోళ్ల పని. ఆ పొగల హైడ్రోజన్ ఫ్లోరైడ్ కూడా ఉండొచ్చు, ఊపిరితిత్తులకు విషం. ఆరిందనుకున్నంక గంటలకు కూడా మళ్లీ అంటుకోవచ్చని చెప్పి, ఫైరోళ్లు దాన్ని గోడలకు దూరంగా ఆరుబయట పెట్టించిన్రు.

2022 సెప్టెంబర్‌ల సికింద్రాబాద్ ఈ-బైకుల షోరూంల మంటలు లేస్తే, పొగ మెట్ల మీదుగా పైనున్న లాడ్జిలకు ఎక్కి 8 మంది పోయిన్రు. అందుకే మెట్లు, గుమ్మం దగ్గర వద్దంటున్న. బయటపడే దారే మూసుకుపోతది.

బ్యాటరీ ఉబ్బినా, కింద పడి సొట్టపోయినా ఛార్జింగ్ పెట్టకండి. రాత్రి పండుకునేటప్పుడు అసలే వద్దు. బండితో వచ్చిన ఛార్జరే వాడండి.