కామాకీ ఫుల్‌స్టాప్‌కీ మధ్య

తెలుగు పుస్తకాల ప్రూఫులు దిద్దడం నా పని. నా దగ్గరికొచ్చే రాతప్రతుల్లో కామాలు కుప్పలుగా ఉంటాయి, ఆశ్చర్యార్థకాలు మూడేసి వరసగా నిలబడతాయి. సెమికోలన్ (;) మాత్రం ఎప్పుడో గానీ కనబడదు. బళ్ళో దాన్ని అర్ధబిందువు అని నేర్పించి వదిలేస్తారు, ఎక్కడ పెట్టాలో చెప్పరు. నాకది చాలా ఇష్టమైన గుర్తు. సరైన చోట ఒక్కటి పడితే వాక్యానికి ఎంత బలం వస్తుందో చూపించాలని ఇది రాస్తున్నాను.

ఆత్మకథల్లో ఇలాంటివి తరచూ ఎదురవుతాయి: "మావయ్య పొలం అమ్మేశాడు. కానీ ఎద్దుల్ని మాత్రం అమ్మలేదు." ఇందులో 'కానీ', 'మాత్రం' రెండూ చేసే పని ఒకటే. రెండూ తీసేస్తే "మావయ్య పొలం అమ్మేశాడు. ఎద్దుల్ని అమ్మలేదు." అని మిగులుతుంది. ఇప్పుడవి దేనికదే అన్నట్టున్న రెండు కబుర్లు. ఇలా రాసి చూడండి: "మావయ్య పొలం అమ్మేశాడు; ఎద్దుల్ని అమ్మలేదు." పొలమే పోయాక ఎద్దులెందుకు ఉంచుకున్నాడన్న ప్రశ్న చదివేవాళ్ళకి వెంటనే తడుతుంది. ఆయన మనసేమిటో వాళ్ళే ఊహించుకుంటారు, రచయిత విడమర్చి చెప్పక్కర్లేదు. 'ఎందుకంటే' సంగతీ అంతే. "ఆ రాత్రి ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు; తుఫాను కబురు అప్పటికే వచ్చింది." కారణం తెలుస్తూనే ఉంది, మళ్ళీ దానికి పేరు పెట్టడం దండగ.

అటూ ఇటూ పూర్తి వాక్యాలు ఉంటేనే ఇది కుదురుతుంది. "పొద్దున్నే లేచి; కాఫీ తాగి; బస్సెక్కి ఊరెళ్ళాను" అని రాసినవాళ్ళున్నారు. లేచి, తాగి, ఎక్కి అనే అసమాపక క్రియలు వాటంతట అవే పక్క మాటని పట్టుకుంటాయి, కామా చాలు. ఎన్ని పనులనైనా ఒకే వాక్యంలో గుచ్చగలిగే ఈ సదుపాయం మనకి ఉంది కాబట్టే, ఇంగ్లీషు పుస్తకాన్ని అనువదించేటప్పుడు అందులోని సెమికోలన్లన్నీ దించేస్తే తెలుగు బరువెక్కిపోతుంది. అలాంటి ప్రతుల్లో నేను చాలావరకు కొట్టేస్తాను.

అచ్చులో ఈ గుర్తు పుట్టింది 1490లలో, వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అనే ముద్రాపకుడి దగ్గర. మన తాటాకు ప్రతుల్లో మాటల మధ్య ఖాళీ కూడా ఉండేది కాదు. పద్యమైతే ఎక్కడ ఆగాలో ఛందస్సే చెప్పేది. ఈ విరామ చిహ్నాలన్నీ మనకి అచ్చుపుస్తకాలతో పాటు వచ్చినవే.

జాబితాల్లోనూ దీని అవసరం పడుతుంది. "పెద్దమ్మ, కోడలు రాజమండ్రి నుంచి, బాబాయి, పిన్ని గుంటూరు నుంచి, అన్నయ్య ఒక్కడే హైదరాబాద్ నుంచి వచ్చారు" అంటే బాబాయిది ఏ ఊరో తేలడానికి మళ్ళీ వెనక్కెళ్ళి చదవాలి. 'రాజమండ్రి నుంచి' తర్వాత ఒకటి, 'గుంటూరు నుంచి' తర్వాత ఇంకొకటి సెమికోలన్ పెట్టండి, ఎవరి ఊరు వాళ్ళకి చేరుతుంది. మన రాజ్యాంగ పీఠిక ఇంగ్లీషు పాఠం తీసి చూడండి. న్యాయం కింద సామాజిక, ఆర్థిక, రాజకీయ అని మూడు, స్వేచ్ఛ కింద ఆలోచన, భావప్రకటన, విశ్వాసం, మతం, ఆరాధన అని అయిదు. లోపల కామాలు, ఒక ఆశయానికీ ఇంకో ఆశయానికీ మధ్య సెమికోలన్.

ఫోన్‌లో రాసేవాళ్ళు అంకెల పేజీలోకి వెళ్ళి వెతుక్కోవాలి, ఆ బద్ధకంతోనే చాలామంది కామాతో సరిపెట్టేస్తారు. వ్యాసంలో, కథనంలో ఆ కాస్త శ్రమ పడమనే అంటాను. సంభాషణల్లో మాత్రం వద్దు. "నేను రాను; నువ్వెళ్ళు" అని ఏ వదినా మరిదితో అనదు. "నేను రాను. నువ్వెళ్ళు" అంటుంది, ఆ విసురు ఫుల్‌స్టాప్‌లోనే ఉంది.