ఊరి పేరు సమాధిరాయి

రిజిస్ట్రేషన్ దస్తావేజులు రాయడం నా పని. హయత్‌నగర్ అవతల చెట్టూ చేమా లేని రాళ్లగుట్టకి కూడా 'గ్రీన్ వ్యాలీ' అని పేరు రాసిన చెయ్యి ఇది. అందుకేనేమో, అరిజోనా ఎడారిలో మెక్సికో సరిహద్దుకి దగ్గర్లో ఉన్న టూంబ్‌స్టోన్ ఊరంటే నాకు భలే ముచ్చట. పేరే సమాధిరాయి!

1877లో ఎడ్ షిఫెలిన్ అనే ఆయన వెండి వెతుక్కుంటూ అపాచీలనే ఆదివాసీ తెగ వాళ్ల గుట్టల్లో తిరిగేవాడు. "అక్కడ నీకు దొరికే రాయి నీ సమాధిరాయే" అని సైనికులు ఎగతాళి చేశారట. వెండి పడింది. అక్కసుతోనో సరదాకో గానీ, గనికి ఆ మాటే పేరుగా పెట్టేశాడు. 1879లో పక్కనే వెలసిన ఊరికీ అదే అంటుకుంది. మరుసటేడు మొదలైన పత్రిక మరీ ఘోరం, దాని పేరు 'ఎపిటాఫ్'. సమాధి మీద చెక్కే రాతన్నమాట!

తర్వాత గనుల్లో నీళ్లు ఊరాయి. పంపులతో తోడినా లాభం లేకపోయింది, జనం మూటాముల్లె సర్దేశారు. 1897లో షిఫెలిన్ ఒరెగాన్‌లో పోతే, ఆయన కోరిక ప్రకారం తెచ్చి ఆ ఊరి దగ్గరే పూడ్చారు, పలుగూ నీళ్ల డబ్బాతో సహా. ఇప్పుడక్కడ పాత తుపాకీ పోరాటాలు టికెట్టు పెట్టి ఆడి చూపిస్తారు.