తురాయి చెట్టు కొట్టించాలా, కొమ్మ తీయిస్తే చాలా?

బెంగళూరు రామ్మూర్తి నగర్‌లో మా గేటు పక్కనున్న ఎర్ర తురాయి మీద ఇప్పుడు ఇంట్లో మనిషికో మాట. పోయిన మే గాలివానకి దాని కొమ్మ విరిగి పక్కింటి రెడ్డి గారి స్కూటర్ మీద పడింది. సీటు చిరగడంతో సరిపోయింది గానీ అప్పటి నుంచీ ఆయన ఎదురుపడితే చాలు, "ఎప్పుడు తీయిస్తున్నారమ్మా చెట్టు?" అని అడుగుతారు. మా ఆయనదీ అదే మాట. మా అత్తయ్య మాత్రం పూసే చెట్టుని కొట్టకూడదంటారు. అత్తయ్య ఆ మాట ఏ చెట్టుకైనా అంటారు లెండి, మునగకి తప్ప.

నాకూ ఆ చెట్టంటే ఇష్టమే. మా పిల్లలు చిన్నప్పుడు దాని మొగ్గలు విప్పి కేసరాలతో కోడిపుంజులాట ఆడేవాళ్ళు. తురాయి మడగాస్కర్ నుంచి వచ్చింది కదా, ఇక్కడి చెట్టు కాదు కదా అని వాదించేవాళ్ళూ ఉన్నారు. అలా చూస్తే బెంగళూరు వీధుల్లో సగం పూలు బయటివే. లాల్‌బాగ్ తోటని చూసుకున్న జర్మన్ ఆయన, క్రుంబిగల్, ఒక జాతి పూలు రాలేసరికి ఇంకో జాతి పూసేలా ఊరికి చెట్లు ఎంచారని చెప్తారు. 1980ల్లో ఫారెస్ట్ ఆఫీసర్ నెగినహాళ్ 15 లక్షల దాకా మొక్కలు నాటించారు. ఇవన్నీ వినడానికి బాగుంటాయి, కానీ మా చెట్టు వచ్చే మే గాలికి ఆగుతుందా లేదా అన్నది వీటితో తేలదు. అది చెట్టు దగ్గరికెళ్ళి చూడాల్సిందే.

తురాయి చేవ లేని చెట్టు, కొమ్మలు పెళుసు, పైగా గొడుగులా అడ్డంగా విస్తరిస్తుంది, వేళ్ళేమో ఎక్కువగా పైపైనే పరుచుకుంటాయి. దానికి తోడు బెంగళూరులో గాలివానలు ఏప్రిల్, మే నెలల్లోనే, అంటే చెట్టు నిండా పూలూ ఆకులూ మోస్తున్నప్పుడే వస్తాయి. అందుకని ముందు మాను అడుగుభాగం చూశాను. అక్కడ గట్టి పుట్టగొడుగులు అరల్లా పొడుచుకొస్తే లోపల పుచ్చినట్టే, అవి లేవు. కొయ్య సుత్తితో చుట్టూ తట్టి చూస్తే డొల్ల శబ్దం రాలేదు, ఒక పక్క నేల పైకి లేచి పగుళ్ళివ్వడం కూడా లేదు. మానుకి ఆనించి పరిచిన టైల్స్ మాత్రం తీయించాలి, వేళ్ళకి నీళ్ళూ గాలీ అందాలిగా.

అసలు తంటా పైన ఉంది. కరెంటు తీగలకి తగులుతున్నాయని రోడ్డు వైపు కొమ్మలు ప్రతి ఏడూ నరికేస్తుంటే బరువంతా రెడ్డి గారి వైపు పోయింది. అటు వైపు పెద్ద కొమ్మ బాగా పొడుగైంది, దాని పంగ, అంటే అది మాను నుంచి చీలే చోటు, ఇరుగ్గా ఉండి మధ్యలో బెరడు మడతపడి ఉంది. అలాంటి పంగలో చెక్కకి చెక్క అతుక్కోదు, బరువు పెరిగితే చీలిపోతుంది.

చెట్లు కొట్టేవాళ్ళని పిలిస్తే, "మొత్తం తల కొట్టేద్దాం మేడం, మళ్ళీ గుబురుగా వస్తుంది" అన్నారు. గుబురుగా వచ్చే మాట నిజమే! నరికిన మోడు చుట్టూ బెరడు కింద నుంచి పొడుచుకొచ్చే సన్న కొమ్మలవి, లోపలి చెక్కలో వాటికి పట్టుండదు, అవి నాలుగేళ్ళు లావెక్కే లోపు మోడు పుచ్చడం మొదలవుతుంది, అప్పుడు విరిగేవి ఒకటి కాదు, పది. నన్నడిగితే తల కొట్టించడం కంటే చెట్టుని మొత్తం తీసేయడమే నయం.

వర్జీనియాలో ఉన్న మా చెల్లి ఫోన్లో, "మేం మా డాగ్‌వుడ్ పూలచెట్టుకి ఎండుకొమ్మలు తీసేసి ఊరుకున్నాం, మీకెందుకంత టెన్షన్?" అంది. అక్కడ అది రాష్ట్ర వృక్షం కూడానట, చూడముచ్చటగా ఉంటుంది, కానీ పాతిక ముప్పై అడుగులు దాటడమే అరుదు. మాది మూడంతస్తుల మేడ మీదికి వాలింది.

చివరికి ఆ పెద్ద కొమ్మని పొట్టి చేయిద్దామనుకున్నాం. ఎక్కడంటే అక్కడ నరకడం కాదు, బాగా లావున్న ఒక పక్క కొమ్మ దాకా వెనక్కి తీసుకురావాలి. ముందు కింద నుంచి కొంచెం కోత పెట్టి తర్వాత పై నుంచి కోస్తే బెరడు మాను దాకా చీలదు. మానుకి ఆనుకున్న చిన్న కొమ్మలైతే అవి మానుకి కలిసే చోట ఉండే ఉబ్బు పోకుండా దాని బయటే కోయాలి, అలాగని మోడు మిగల్చకూడదు. తారూ పెయింటూ పూయక్కర్లేదు. మొత్తం మీద ఆకుల్లో పావు వంతుకి మించి పోకూడదు.

సొంత కాంపౌండ్‌లో చెట్టుకి ఒకళ్ళ పర్మిషన్ ఏంటని మా ఆయన వాదన. 1976 నాటి కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే ట్రీ ఆఫీసర్ అనుమతి కావాలి, కొబ్బరిలాంటి కొన్నింటికే మినహాయింపు. మనం చేయిస్తున్నది పెద్ద కొమ్మ కాబట్టి దానికీ అప్లికేషన్ పెట్టేద్దామన్నాను, పెట్టాం.

రేపు మాను అడుగున పుట్టగొడుగు కనిపించినా, ఆ పంగ చీలినట్టు అనిపించినా నేనే దగ్గరుండి చెట్టు తీయిస్తానని రెడ్డి గారికి చెప్పాను. ఇప్పటికైతే జనవరిలో, వానలు లేనప్పుడు, కొమ్మ పని. ఆయన స్కూటర్ అటు పెట్టడం మానేశారు. ఆ కొమ్మకే పూలెక్కువని అత్తయ్యకి మాత్రం కోపం తగ్గలేదు, దేనికైనా మంచిదని పెరట్లో పెట్టిన కానుగ మొక్కకి కూడా నీళ్ళు నేనే పోసుకోవాల్సి వస్తోంది.